మిలిట్రీ సారు లేని వైండింగ్ షాపు: మా రైతులకు, వాడిక వాళ్లకు

గుడిపాల, యాదమరి, తవణంపల్లె, పూతలపట్టు వైపు నుంచి మోటార్లు తెచ్చే రైతులకూ, చిత్తూరు టౌనులో మోనోబ్లాకులు (మోటారూ పంపూ ఒకే బాడీగా ఉండేవి) ఇచ్చే ఇళ్లవాళ్లకూ నమస్కారం. సారు పోయిన సంగతి మీలో చాలామందికి తెలుసు. షాపులో పనిచేసే మేం కర్మ అయ్యేదాకా షట్టరు దించే ఉంచాం. సోమవారం నుంచి తీస్తాం.

ఆయన్ని అందరూ మిలిట్రీ సారు అనడానికి కారణముంది. ఈఎంఈలో పనిచేశారు. సైన్యంలో బండ్లు, ట్యాంకులు, వైర్‌లెస్ సెట్లు బాగుచేసే విభాగం అది. ట్రైనింగు సికింద్రాబాదులో. 1971 డిసెంబరు 3 నుంచి 16 దాకా జరిగిన యుద్ధంలో పడమటి సరిహద్దున, మన సెంచూరియన్ ట్యాంకులు బసంతర్ నది దాటిన షకర్‌గఢ్ వైపు ఉన్నారు. నిలిచిపోయిన ట్యాంకును వెనక్కి లాక్కొచ్చి మళ్లీ నడిపించడం వాళ్ల పని. పశ్చిమీ స్టార్ మెడలును షాపులో ఎప్పుడూ పెట్టలేదు. 1971 గెలుపు యాభయ్యో ఏడు గుర్తుగా దేశంలో తిప్పిన విజయజ్యోతి 2021 ఫిబ్రవరిలో తిరుపతికి వచ్చి, మహావీర చక్ర గ్రహీత మేజర్ జనరల్ వేణుగోపాల్ గారికి సన్మానం జరిగినప్పుడు మాత్రం అది తగిలించుకుని వెళ్లొచ్చారు.

సైన్యం తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు చెప్పారు. రిటైరయ్యాక ఈ షాపు. గోడకున్న నల్లబల్ల మీద మూడు రంగుల సుద్దతో గీసిన 24 స్లాట్ల (తీగ చుట్టే గాళ్ల) స్టేటర్, అంటే మోటారులో తిరగని భాగం, మీరంతా చూసిందే. మూడు ఫేజులు, రెండు పోళ్లు, పోలుకు ఒక్కో ఫేజుకు నాలుగు స్లాట్లు. ఇది నోటికి రాని పిల్లోడి చేతికి రాగితీగ ఇచ్చేవారు కాదు.

మోటారు ఎందుకు కాలిందో తేల్చకుండా కొత్త తీగ చుట్టకూడదనేది సారు పట్టు. ట్యాంకు అయినా, అయిదు హార్స్‌పవర్ మోటారైనా ఆయనకు ఒకటే లెక్క. విప్పగానే కాలిన తీరు చదివేవారు. మూడు ఫేజుల తీగలను కలిపే పద్ధతులు రెండు, స్టార్, డెల్టా. స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజులు మాడి మూడోది కాలకుండా రాగి రంగులోనే మెరుస్తుంటే నడుస్తుండగా లైనులో ఒక ఫేజు పోయినట్టు. డెల్టా అయితే తిరగబడుతుంది, ఒకటి మాడి రెండు బాగుంటాయి. మూడూ సమానంగా నల్లబడితే లోడెక్కువో, ఓల్టేజి తక్కువో, బోరులో ఇసుక పట్టి బిగుసుకుందో. ఒక్కచోట మాత్రమే బొక్కపడితే ఇన్సులేషన్ పోయింది. ఫేజు పోయి కాలిన మొదటి రకానికి ఎంత మంచి తీగ చుట్టినా లాభం లేదు. ఒక ఫేజు పోగానే మోటారును ఆపే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ స్టార్టరులో పెట్టకపోతే మళ్లీ వస్తుంది.

అందుకే మోటారుతోపాటు స్టార్టరు కూడా తెమ్మంటాం. ఓల్టేజి తగ్గినప్పుడు ట్రిప్ అవుతోందని, ఎక్కువ ఆంపియర్లు లాగితే మోటారును ఆపే రిలేను పైకి తిప్పి వదిలేసినవి ఎన్నో వస్తాయి. పేరుపలక మీదున్న ఆంపియర్ల దగ్గరే అది ఉండాలి. మోటారు దానంతటదే లేచే ఆటో స్టార్టరు పెట్టుకునేవాళ్లు టైమరు కూడా పెట్టుకోండి. కరెంటు రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మరు కింది మోటార్లన్నీ ఒక్కసారే లేస్తే ఓల్టేజి పడిపోతుంది. పక్కింటాయన ఒక నిమిషం, మీరు రెండు నిమిషాలు ఆగి లేచేట్టు పెట్టుకుంటే ఇద్దరి మోటార్లూ బతుకుతాయి.

మోనోబ్లాకుల్లో పాత కాయిలు తీయడానికి నిప్పు పెట్టే పద్ధతి మా దగ్గర ఇకముందూ ఉండదు. పని తొందరగా అవుతుంది, నిజమే. కానీ స్టాంపింగుల, అంటే స్టేటరులో పేర్చిన ఇనుప రేకుల మధ్యనున్న సన్నటి పూత కాలిపోతుంది. తర్వాత తీగ కొత్తదైనా ఇనుమే వేడెక్కుతుంది. ఒకవైపు ఉలితో కోసి రెండోవైపు లాగుతాం. వార్నిష్ పోశాక ఓవెన్‌లో ఆరాల్సిందే, ఎండలో కాదు. ఇంకో రోజు ఆగమనేది ఇందుకే.

ఇప్పుడు మా తప్పు. సారు ఆస్పత్రిలో ఉన్నప్పుడు మేం చుట్టి ఇచ్చిన రెండు, బోరులో దించే సబ్‌మెర్సిబుళ్లు నెల తిరక్కుండా వెనక్కొచ్చాయి. వైండింగు బాగుంది. లోపల నీళ్లు నింపేటప్పుడు గాలి పూర్తిగా పోనివ్వలేదు. పైన గాలి మిగిలితే షాఫ్టును పట్టి ఉంచే పై బుష్‌కు నీళ్లందవు. అది అరిగి, తిరిగే భాగమైన రోటరు స్టేటరును రాసింది. రెండూ డబ్బు తీసుకోకుండా చేసిచ్చాం, దించి ఎత్తిన కూలీ కూడా మాదే. ఇప్పుడు మోటారును నిలబెట్టి, మంచినీళ్లు మెల్లగా పోసి, షాఫ్టును చేత్తో తిప్పుతూ బుడగలు ఆగేదాకా చూస్తాం. అరగంట తర్వాత తగ్గినంత మళ్లీ పోస్తాం. కేబులు జాయింటును బకెట్ నీళ్లలో ముంచి ఇన్సులేషన్ పరీక్షించే 500 ఓల్టుల మెగ్గరుతో చూడందే ఏ మోటారూ బండెక్కదు.

20 హార్స్‌పవర్ పైబడినవి ప్రస్తుతానికి తీసుకోం. వాటి మీద సారు చెయ్యి వేరు, మాకింకా అంత రాలేదు. మిగతావాటికి రెండు రోజులు పట్టేది ఇక మూడు రోజులు. కూలీ పెంచలేదు. రాగి ఆ రోజు ధరకే, పాత రాగి మీ ముందే తూచి మీ చేతికి. మామిడి డబ్బులొచ్చాక కట్టే అలవాటున్నవాళ్లకు సారు ఇంటివాళ్లు కూడా అలాగే కట్టమన్నారు.

సారు విప్పిన ప్రతి మోటారు డేటా, అంటే స్లాట్లు, టర్నులు, గేజి, కనెక్షను, కాలిన కారణం రాసిన నోటు పుస్తకాలు బల్ల మీదే ఉంటాయి. వేరే షాపు వైండర్లు కూడా వచ్చి రాసుకోవచ్చు, ఆయన ఎవర్నీ కాదనలేదు. ఐటీఐ పిల్లలకు ఆదివారం పొద్దున పాఠం ఆగదు. మూడు రంగుల పెన్సిళ్లు, ఒక కంపాసు తెచ్చుకోండి. మొదటి వారం 24 స్లాట్ల స్టేటరే.