బటన్‌కు చుట్టిన టేపు: కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ కార్మిక శాఖ మంత్రి గారికి నమస్కారం.

జీడిమెట్లలో రేకు సామాను చేసే ఒక చిన్న షెడ్డులో పదకొండేళ్లుగా సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. పోయిన వానాకాలం మా పవర్ ప్రెస్ (రేకును అచ్చుతో నొక్కే కరెంటు మెషిన్) మీద ఒడిశా కుర్రాడొకడికి కుడిచేతి రెండు వేళ్లు పోయాయి. పేపర్లో రాలేదు. మా ఓనరు ఏ ఆఫీసుకూ కబురు పెట్టలేదు.

ఆ ప్రెస్‌కు రెండు బటన్లుంటాయి. రెండూ ఒకేసారి నొక్కితేనే డై, అంటే పై అచ్చు, దిగుతుంది. అంటే అది దిగేటప్పుడు రెండు చేతులూ బయటే ఉంటాయి. మా పాత మెషిన్‌లో ఈ ఏర్పాటును చెడగొట్టడానికి ఒక టేపు ముక్క చాలు. ఒక బటన్‌ను నొక్కిపెట్టి టేపు చుట్టేస్తే, ఒక చేత్తో రేకు పెడుతూ ఇంకో చేత్తో నొక్కుకుంటూ పోవచ్చు. గంటకు పీసులు బాగా పెరుగుతాయి. పీసు లెక్కన కూలిచ్చే చోట టేపు ఎవరు చుట్టారని అడగడం దండగ. కాంట్రాక్టర్ చుట్టొచ్చు, ఆపరేటరే చుట్టుకోవచ్చు. మా దగ్గర చుట్టింది నేను కాదు. చూసి ఊరుకున్నది మాత్రం నేనే.

కుర్రాడు పనిలోకి వచ్చి అప్పటికి నాలుగు రోజులు. మెషిన్ మీద హెచ్చరిక ఇంగ్లిష్‌లో ఉంది. నేను చెప్పింది నా హైదరాబాద్ హిందీలో. వాడు తలూపాడు. ఊరుగాని ఊర్లో పనికొచ్చినవాడు అర్థం కాకపోయినా తలూపుతాడు సార్. దుబాయ్‌లో మా బావమరిదీ అంతేనట.

వాడికి ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా, లేదు. వేళ్లు తెగిన సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని పేరు ఎక్కించారు. అది అయ్యేదాకా పక్క సందులోని క్లినిక్‌లో కట్టు కట్టించి కూర్చోబెట్టారు. పనిలో దెబ్బ తగిలితే మొదటి రోజు నుంచే ఈఎస్ఐ వర్తిస్తుందని, పనికి రాలేనన్నాళ్లూ కూలిలో 90 శాతం ఇస్తారని వాడికే కాదు, అప్పటిదాకా నాకూ తెలియదు.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీ పేలుడులో 50 మందికి పైగా పోయారు. చాలామంది బీహార్, ఒడిశా, యూపీ వాళ్లే. ముఖ్యమంత్రి గారు స్వయంగా వచ్చారు, చనిపోయిన ఒక్కొక్కరి కుటుంబానికి కోటి రూపాయల పరిహారం ప్రకటించారు. రావాల్సిందే, ఇవ్వాల్సిందే. కానీ రెండు వేళ్ల కోసం ఎవరూ రారు.

పైగా 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన కార్మిక భద్రతా కోడ్‌లో, కరెంటుతో నడిచే చోట 20 మంది ఉంటేనే ఫ్యాక్టరీ అన్నారు. అంతకుముందు 10 మంది ఉంటే చాలు. మా షెడ్డులో 14 మందిమి. మనుషుల లెక్క మార్చారు గానీ ప్రెస్ దిగే బరువు మారలేదు కదా.

నేను అడిగేది పెద్ద ఖర్చు కాదు. ప్రెస్‌లున్న చిన్న షెడ్లను, ఎంతమంది ఉన్నా సరే, తనిఖీ జాబితాలో ఉంచండి. ఈఎస్ఐ నంబరు చేతికి రాకుండా కొత్తవాణ్ణి మెషిన్ ఎక్కించొద్దని ఆర్డర్ వేయండి. హెచ్చరికలు హిందీలో, ఒడియాలో రాయించండి. చదవడం రానివాళ్లకు బొమ్మ వేయించండి.

ఇంకొక్క మాట. మీ ఇన్‌స్పెక్టర్లు వచ్చేటప్పుడు ముందుగా ఫోన్ చేయొద్దని చెప్పండి. ఫోన్ వస్తే ఆ పూటకు టేపు తీసేస్తారు.

ఇట్లు,
ఒక ప్రెస్ షాపు సూపర్‌వైజర్,
జీడిమెట్ల