కొల్లాజెన్ పొడి డబ్బాలోని కరపత్రంపై ఫిర్యాదు

పొదలకూరు,
నెల్లూరు జిల్లా.

వినియోగదారుల సేవా విభాగాధికారి గారికి,

విషయం: కరపత్రంలోని తప్పు సలహా తొలగింపు, సొమ్ము వాపసు గురించి.

అయ్యా,

ఆపరేషన్ అయి పథ్యంలో ఉన్న నా భార్య కోసం, గాయాలను త్వరగా మాన్పుతుందన్న ప్రకటన చూసి మీ కొల్లాజెన్ (చర్మంలో ఉండే ఒక ప్రోటీన్) పొడి కొన్నాము. పొడి వాడినన్నాళ్లూ నిమ్మ, ఉసిరి, జామ, టమాటా వంటివన్నీ మానాలని డబ్బాలోని కరపత్రం చెబుతోంది. ఆమె నెలల తరబడి అలాగే నడుచుకుంది. కుట్ల చోటు సరిగా మానకపోగా, చిగుళ్ల నుంచి రక్తం కారి, కాళ్ల మీద రోమాల మొదళ్ల చుట్టూ ఎర్రటి చుక్కలు తేలాయి. నెల్లూరులో చర్మవైద్యురాలు పరీక్షించి సి విటమిన్ లోపమని తేల్చారు.

జీవశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాడిని కనుక కారణం కూడా రాస్తున్నాను. చర్మంలోని కొల్లాజెన్ మూడు పేటల తాడులా పెనవేసుకొని ఉంటుంది. ఆ పేటలు విడిపోకుండా ఉండాలంటే వాటిలోని ప్రోలిన్ అనే అమైనో ఆమ్లం (ప్రోటీన్‌కు ఇటుకలాంటిది) హైడ్రాక్సీప్రోలిన్‌గా మారాలి. ఆ మార్పు చేసే ఎంజైములోని ఇనుమును పనికివచ్చే స్థితిలో నిలిపేది సి విటమిన్. అది కొరవడితే కొత్తగా తయారైన కొల్లాజెన్ ఒంటి వేడికే నిలవదు, సన్నని రక్తనాళాల గోడలు కూడా బలహీనపడతాయి. మీ పొడి కడుపులో అమైనో ఆమ్లాలుగా, వాటి చిన్న గొలుసులైన పెప్టైడ్లుగా విడిపోతుందే గాని నేరుగా చర్మానికి చేరదు. వాటితో కొత్త కొల్లాజెన్ కట్టుకోవాలన్నా మళ్లీ ఆ విటమినే కావాలి. స్త్రీకి రోజుకు 65 మిల్లీగ్రాములు అవసరమని భారత వైద్య పరిశోధన మండలి 2020లో చెప్పింది. మీ లేబుల్‌పై దాని ఊసే లేదు.

పులుపు కొల్లాజెన్‌ను కరిగిస్తుందని మీ సిబ్బంది ఫోనులో సెలవిచ్చారు. కడుపులోని ఆమ్లం నిమ్మరసానికి ఏమాత్రం తీసిపోదని వారికి ఎవరైనా చెప్పాలి. పులుపు తింటే పుండు చీము పడుతుందన్న నమ్మకం మా వైపు పెద్దలలో ఉంది, వారిని తప్పుపట్టను. లైసెన్సు పొందిన కంపెనీ అదే మాటను వైద్య సలహాలా అచ్చువేయడం మాత్రం క్షమించరానిది. నిమ్మకాయల మార్కెట్ ఉన్న ఊళ్లోనే ఒక మనిషికి స్కర్వీ (సి విటమిన్ లోపంతో వచ్చే జబ్బు) లక్షణాలు వచ్చాయంటే ఆ కాగితం ఎంత పని చేసిందో ఆలోచించండి.

కావున ఆ కరపత్రాన్ని వెంటనే ఉపసంహరించి, ఇప్పటికే కొన్నవారికి సవరణ తెలియజేసి, మా సొమ్ము తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. 15 రోజులలో లిఖితపూర్వక సమాధానం రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాను. బిల్లు, కరపత్రం, వైద్యురాలి చీటీ నకళ్లు జతచేశాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు