‘ఆ ఫైలు తియ్యవయ్యా’ అనే రోజు రాకముందే

సంపాదకులు గారికి నమస్కారం.

‘వైద్యం వికటించి మహిళ మృతి, ఆసుపత్రి ఎదుట బంధువుల ఆందోళన’. మీ జిల్లా పేజీల్లో ఈ శీర్షిక ఊరి పేరు మార్చుకుని వస్తూనే ఉంటుంది. మర్నాడు డాక్టర్ల సంఘం ఖండన వస్తుంది. మూడో రోజుకి ఎవరికీ గుర్తుండదు. నేను డాక్టర్ని కాదు, లాయర్నీ కాదు. గుంటూరు కొత్తపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, కేస్ షీట్ల గదిలో ఇరవై ఆరేళ్లు గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. ఫిర్యాదు వచ్చినప్పుడల్లా మొదటి కబురు నాకే వచ్చేది, “ఆ ఫైలు తియ్యవయ్యా” అని. ఫైలు తెరిస్తే ఆ కేసు ఎటు పోతుందో సగం అక్కడే తెలిసిపోయేది.

ఒకసారి అపెండిక్స్ ఆపరేషన్ అయిన కుర్రాడు మూడో రోజు చనిపోయాడు. కింద రిసెప్షన్ అద్దాలు పగిలాయి. రాత్రి పదకొండింటికి డాక్టరు గారు కేస్ షీట్ తెప్పించుకున్నారు. రెండో రోజు సాయంత్రం నుంచి పేజీ ఖాళీ. ఆయన ఆ సాయంత్రం వచ్చారు, పొట్ట నొక్కి చూశారు, మందు మార్చారు. వార్డు సిస్టర్లందరికీ ఆ సంగతి తెలుసు. రాయలేదు, అంతే. ఇప్పుడు రాద్దామని పెన్ను తీశారు. “వద్దు సార్, వాళ్ల మేనమామ సాయంత్రమే జిరాక్స్ తీసుకుపోయాడు” అన్నాను. ఆయన చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నారు. ఆ కేసులో పరిహారం కట్టాల్సి వచ్చింది. వచ్చి చూసినట్టు రుజువేదని అడిగితే చూపించడానికి మా దగ్గర ఒక్క లైను కూడా లేదు. ఆ రాత్రి ఆయన రాసి ఉంటే పరిహారంతో పోయేది కాదని మాత్రం చెప్పగలను. రోగి తరఫువాళ్లు అడిగితే రికార్డులు 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధన. అంటే వాళ్ల చేతిలో ఉన్న కాపీకీ మన ఒరిజినల్‌కీ తేడా వస్తే, నిర్లక్ష్యం మాట అటుంచి ముందు ఫోర్జరీ మాట వస్తుంది. తప్పు రాస్తే దాని మీద ఒక్క గీత గీసి, కింది అక్షరాలు కనపడేలా ఉంచి, పక్కన సంతకం, తేదీ, టైము వేయాలి. కేస్ షీట్ మీద వైట్‌నర్ చూస్తే నాకు ఇప్పటికీ గుండె దడ.

ఇంకో కేసు. కాన్పు తర్వాత రాత్రి రక్తస్రావం మొదలైంది. నైట్ డ్యూటీ సిస్టర్‌కి పట్టుమని పాతికేళ్లుండవు. వంకర టింకర అక్షరాలతో రాసింది: 2.10కి రక్తస్రావం ఎక్కువైంది, డాక్టరమ్మకి ఫోన్ చేశాం. 2.25కి వచ్చారు. బీపీ ఇంత, పల్స్ ఇంత. ఫలానా ఇంజెక్షన్. 2.50కి రక్తం పెట్టాం. ఇలా తెల్లారేదాకా రెండు పేజీలు. తల్లి దక్కలేదు. వాళ్లు వినియోగదారుల ఫోరానికి వెళ్లారు, వెళ్లడం వాళ్ల హక్కు. ఆ రెండు పేజీలు చదివాక ఫిర్యాదు నిలబడలేదు. ప్రాణం పోయింది కాబట్టి నిర్లక్ష్యం జరిగినట్టే అని ఏ కోర్టూ అనదు. సాటి డాక్టరు ఆ పరిస్థితిలో ఏం చేస్తాడో ఈయన అది చేశాడా లేదా అని మాత్రమే చూస్తుంది. చేసినట్టు తెలిసేది కాగితం వల్లే.

మన వైపు ఇంకో చిక్కుంది. పల్నాడు పల్లెల నుంచి వచ్చే కేసుల్లో చాలావాటికి ముందు ఆర్‌ఎంపీ చెయ్యి పడి ఉంటుంది. రెండు రోజులు సెలైన్లు ఎక్కించి, ఇక తనవల్ల కాదన్నాక గుంటూరు పంపుతాడు. వచ్చింది ఎన్ని గంటలకు, అప్పటికి పల్స్, బీపీ ఎంత, స్పృహ ఉందా, ముందు ఎక్కడ చూపించారు, ఏ మందులు వాడారు, ఈ ఐదూ మొదటి పేజీలో లేకపోతే పాత పాపమంతా మన ఖాతాలో పడుతుంది. అలాగే వద్దన్నా వినకుండా పేషెంటును తీసుకుపోయేవాళ్ల దగ్గర ‘లామా’ సంతకం తీసుకుంటారు. ఉత్త సంతకం చాలదు. తీసుకెళ్తే ఏమవుతుందో చెప్పామని తెలుగులో రెండు లైన్లు ఉండాలి.

సంతకాల మాట వచ్చింది కాబట్టి చెబుతాను. అడ్మిషన్ కౌంటర్‌లో డబ్బు కట్టే కంగారులో ఉన్నవాడి చేత ఇంగ్లీషు కాగితాల మీద ఐదారు సంతకాలు పెట్టిస్తారు. ఏ ఆపరేషనో రాయాల్సిన చోట ఖాళీ. ఆడవాళ్ల ఆపరేషన్ అయితే భర్త సంతకం చాలనుకుంటారు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ పద్ధతినే తప్పుపట్టింది. లోపల ఏముందో చూసే పరీక్షకు ఒప్పుకున్న మనిషి మత్తులో ఉండగా, తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకు ఇచ్చిన సమ్మతి ఆపరేషన్‌కి చెల్లదు, మేజరైన మనిషి తరఫున, ప్రాణం మీదికి వస్తే తప్ప, తల్లి చెప్పినా చెల్లదు అంది కోర్టు. ఆపరేషన్ బాగా చేశారా లేదా అన్నది తర్వాతి మాట. మన ఆసుపత్రుల్లో రోజూ జరిగేది ఇదే కదా అని అప్పట్లో అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

కొందరు డాక్టర్లకు ఒక ధీమా ఉంటుంది, ‘నా మీద ఇంకో డాక్టరు సాక్ష్యం చెప్పడులే’ అని. 2010లో సుప్రీంకోర్టుకు వెళ్లిన హైదరాబాద్ కేసు వాళ్లు తెలుసుకోవాలి. చలిజ్వరంతో వచ్చిన ఆవిడకు టైఫాయిడ్ అని వైద్యం చేశారు, మలేరియాని పట్టించుకోలేదు. ఆవిడ చనిపోయింది. అన్నట్టు ఆవిడ భర్త మలేరియా విభాగం ఉద్యోగి. తప్పు కళ్లెదుట కనపడుతుంటే ప్రతి కేసులో నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని కోర్టు తేల్చింది.

నోటీసు వచ్చాక చేసే పొరపాట్లు కూడా తక్కువేం కాదు. వినియోగదారుల కమిషన్ (అప్పటి ఫోరమే) నోటీసుకు జవాబు ఇవ్వడానికి గడువు 30 రోజులు, కమిషన్ దయతలిస్తే ఇంకో 15. అంతకు మించి ఒక్క రోజు కూడా ఇవ్వడానికి లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మా దగ్గర ఒక నోటీసు టేబుల్ సొరుగులో నెల రోజులు నిద్రపోయింది. ఇన్సూరెన్స్ పాలసీ ఉన్న డాక్టరు నోటీసు అందగానే కంపెనీకి తెలపాలి. క్రిమినల్ కేసులో పడే జరిమానాకి ఆ పాలసీ పనికిరాదు. ఇక రికార్డులు మూడేళ్లు ఉంచాలని నిబంధన. మూడేళ్లు నిండగానే పాత పేపర్లవాడికి తూకానికి వేసిన ఆసుపత్రులు నాకు తెలుసు. ఫిర్యాదుకి గడువు రెండేళ్లే అయినా, కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కి ఉంది. అప్పుడు ఏం చూపిస్తారు?

పోలీసు కేసు సంగతి వేరు. భారతీయ న్యాయ సంహిత 106(1) ప్రకారం నిర్లక్ష్యంతో ప్రాణం పోతే ఐదేళ్ల వరకు శిక్ష; రిజిస్టరైన డాక్టరు వైద్యం చేస్తుండగా అయితే రెండేళ్ల వరకు. అయితే 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, క్రిమినల్ కేసుకు మామూలు పొరపాటు చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి అంది. కేసు ముందుకు నడిపేముందు దర్యాప్తు అధికారి స్వతంత్ర డాక్టరు అభిప్రాయం తీసుకోవాలి, వీలైతే ప్రభుత్వ డాక్టరుది. ఊరికే అరెస్టు చేయకూడదు. అది లూథియానాలో ఆక్సిజన్ సిలిండర్ ఖాళీగా ఉన్న కేసు. డాక్టర్లు క్రిమినల్ కేసు నుంచి బయటపడ్డారు, ఆసుపత్రి పరిహారం బాధ్యత మాత్రం వేరే ప్రశ్నగా మిగిలింది. ఖాళీ సిలిండర్‌కి కేస్ షీట్ జవాబు చెప్పలేదు కదా.

గేటు ముందు శవాన్ని పెట్టి బేరాలాడే రోజు గురించి డాక్టర్లకు ఒక్క మాట. ఊరి పెద్దలు, చిన్నా పెద్దా నాయకులు వస్తారు, సాయంత్రానికి ‘సెటిల్‌మెంట్’ అయిపోతుంది. డబ్బు ఎవరెవరికి ఎంత చేరిందో నేను రాయను. చావుకు కారణం తెలియనప్పుడు పోస్ట్‌మార్టం కావాలని డాక్టరే అడగాలి. ‘పోయిన మనిషిని కోస్తారా’ అని వాళ్లు వద్దంటే ఆ మాట కూడా రాసి ఉంచాలి. దాడి చేస్తే 2008 నాటి మన రాష్ట్ర చట్టం కింద మూడేళ్ల వరకు జైలు. బౌన్సర్లను పెట్టుకోవడం కన్నా ఆ చట్టం కింద ఫిర్యాదు ఇవ్వడం మేలు. అయితే నేను చూసిన గొడవల్లో ఎక్కువ భాగం చావు వల్ల కాదు, చావు కబురు ఎవరో ఆయా చెప్పడం వల్ల మొదలయ్యాయి. డాక్టరు కిందికి దిగి, కుర్చీ లాక్కుని కూర్చుని పది నిమిషాలు చెప్పిన చోట అద్దాలు పగలడం నేను చూడలేదు.

ఇది డాక్టర్ల పక్షాన రాసిన లేఖ అనుకోకండి. సరిగ్గా రాసిన కేస్ షీట్ తప్పు చేసినవాణ్ణి పట్టిస్తుంది కూడా.

విజయవాడలో ఉన్న మన రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌ను మీ పత్రిక ద్వారా ఒకటి కోరుతున్నాను. సిజేరియన్, గర్భసంచి, హెర్నియా, గాల్‌బ్లాడర్, కంటి శుక్లం, ఈ ఐదు ఆపరేషన్లకైనా తెలుగులో నమూనా సమ్మతి పత్రాలు తయారుచేసి అన్ని ఆసుపత్రులకూ పంపండి. అందులో ప్రమాదాలేమిటో పల్లెటూరి మనిషికి అర్థమయ్యే మాటల్లో ఉండాలి. ‘అనస్తీషియా’ అన్నచోట ‘మత్తు’ అని రాయడానికి ఎవరూ దొరకకపోతే కబురు పెట్టండి, బస్సు ఛార్జీలు నేనే పెట్టుకుని వచ్చి కూర్చుంటాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెడికల్ రికార్డ్స్ గుమాస్తా,
గుంటూరు