మా పొర్లుకట్ట మీద ఒకసారి నడిచి చూడండి

గౌరవనీయులైన నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

మాది సోమశిల ప్రాజెక్టుకు దిగువన, పెన్నా ఒడ్డున ఉన్న చిన్న ఊరు. మన జిల్లాలో చలికాలం వానతోనే మొదలవుతుంది. ఏడాది వర్షంలో సగానికి పైగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది.

ఇప్పుడు ఊరంతా పనిలో ఉంది. నారుమళ్లు దున్నుతున్నారు, విత్తనం వడ్లు మొలకెత్తడానికి మండె కడుతున్నారు. ఆడవాళ్లు పిడకలు, కట్టెలు అటక ఎక్కిస్తున్నారు. గడ్డివాములకు పట్టలు కప్పాం. కానీ టీవీలో తుపాను అన్న మాట వినబడితే చాలు, అందరికీ టెన్షన్.

2021 నవంబరు మేం మరిచిపోలేదు. పెన్నా వరద కోవూరు దగ్గర హైవేని తెంచింది, పడుగుపాడు వద్ద రైలు కట్టను కోసేసింది. వరద ఊళ్లోకి రాకుండా ఆపే మా మట్టి పొర్లుకట్ట ఎంత?

78 టీఎంసీల ప్రాజెక్టు నిండాక గేట్లు ఎత్తక తప్పదు, తెలుసు. మేం అడిగేది ముందుగా ఒక మాట చెప్పమనే. అర్ధరాత్రి ఫోన్‌లో వచ్చే మెసేజ్ మా ముసలివాళ్లు చూడరు. చీకటి పడకముందే దండోరా వేయించండి.

ఇంకొకటి, ఇదే అసలు బాధ. మనుషుల్ని బడికి చేర్చగలం, గేదెల్ని ఎక్కడ కట్టాలి? పాడిని వదిలేసి మావాళ్లు ఇల్లు కదలరు. ప్రాణాల మీదికి వచ్చేది అక్కడే. మెరక మీద పశువులకు చోటు, కాస్త మేత ఇప్పుడే ఏర్పాటు చేయండి.

కట్టలో ఎలుక బొరియలు, జారిన మట్టి దూరం నుంచి కనబడవు. ఇంజినీర్లను వెంటబెట్టుకొని రండి, దగ్గరుండి చూపిస్తాం. నాట్లు మొదలయ్యేలోపు వస్తే మట్టి పోయడానికి వీలుంటుంది.

ఇట్లు,
పెన్నా ఒడ్డు రైతు