అమ్మ పెట్టిన సంతకం

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావు? మొన్న ఫోన్లో మన మాట సగంలోనే ఆగిపోయింది. అప్పటినుంచి అదే తిరుగుతోంది బుర్రలో. అందుకే మేడ మీద బీచ్ గాలికి కూర్చుని రాస్తున్నాను.

అమెరికాలో ఇంగ్లీషుని అధికార భాష చేస్తే తప్పేముంది, ఒకే భాష ఉంటే దేశం ఒక్కటిగా ఉంటుంది అన్నావు. ఇంగ్లీషు మీద నాకు కోపం లేదురా. మనిద్దరికీ అన్నం పెట్టింది అదే. కానీ 2025 మార్చి 1న ట్రంప్ సంతకం పెట్టిన ఆ ఉత్తర్వు పూర్తిగా చదివావా? 2000లో క్లింటన్ ఇచ్చిన ఉత్తర్వుని అందులోనే రద్దు చేశారు. ఇంగ్లీషు సరిగ్గా రానివాళ్లకీ ప్రభుత్వ సేవలు అర్థమయ్యేలా అందాలన్నది ఆ పాత ఉత్తర్వే. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు కూడా దాని కిందకి వచ్చేవి. ఉన్న సాయం ఆపేయమని కొత్తదాంట్లో లేదు, ఒప్పుకుంటాను. ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం ఆయా శాఖల పెద్దలకి వదిలేశారు.

నా బాధంతా ఇక్కడే. పోయిన నెల అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయింది కదా. ముందురోజు నాలుగు పేజీల ఫారం చేతిలో పెట్టి సంతకం చెయ్యమన్నారు. అంతా ఇంగ్లీషే. పేపరు వస్తే చిన్న ప్రకటనలు కూడా వదలకుండా చదివే మనిషి, ఆ రోజు ఒక్క ముక్క తెలియకుండా తెలుగులో సంతకం పెట్టింది. తెలుగే అధికార భాష అని 1966లోనే చట్టం చేసుకున్న రాష్ట్రంలో, మన విశాఖలో! చట్టంలో ఏ పేరు రాసుకున్నా, కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి అర్థం కాకపోతే ఎందుకురా అది?

ఇక దేశం ఒక్కటిగా ఉండటం అంటావా, ఇంగ్లీషు పోయి హిందీ ఒక్కటే మిగులుతుందన్న భయంతో 1965లో మద్రాసు రాష్ట్రం భగ్గుమంది. 1967లో కేంద్రం అధికార భాషల చట్టం సవరించి ఇంగ్లీషుకి భరోసా ఇచ్చింది. హిందీ ఒక్కటే అన్న పట్టు సడలించబట్టే కలిసి ఉన్నాం.

వేసవిలో మీ అమ్మని అమెరికాకి, నీ దగ్గరికి తీసుకెళ్తున్నావు కదా. అసలే బీపీ మనిషి. ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే తెలుగులో చెప్పేవాళ్లు కావాలని అడుగు, మొహమాటపడకు. నువ్వు ఆఫీసులో ఉన్న టైములో నొప్పి ఎక్కడో ఆవిడ ఎవరికి చెప్పుకుంటుంది?

అమ్మకి రెండో కన్ను ఆపరేషన్ గురువారం. ఈసారి ఫారం ముందే తెచ్చి మొత్తం తెలుగులో రాసిచ్చాను. రెండుసార్లు చదివి, డాక్టరుగారిని అడగాలని మూడు ప్రశ్నలు రాసి పెట్టుకుంది.

ఉంటాను మరి.