ఉగాది నుంచి నవమి దాకా చేయి వేసిన అందరికీ ధన్యవాదాలు

శ్రీ విశ్వావసు నామ సంవత్సర ఉగాది మార్చి 30న, శ్రీరామనవమి ఏప్రిల్ 6న వచ్చాయి. రెండూ ఆదివారాలే. ఆ ఎనిమిది రోజులూ, దానికి ముందు రెండు వారాలూ ఊళ్లో జరిగిన పనులకు సాయం చేసిన వాళ్లందరికీ రామాలయం ఉత్సవ కమిటీ తరఫున నమస్కారాలు. పేర్లు రాయడం లేదు. రాస్తే ఎవరో ఒకరి పేరు తప్పిపోతుంది, ఆ మాట పై నవమి దాకా నలుగుతుంది. పని చెబితే చాలు, ఎవరికి వాళ్లకు తెలుస్తుంది. డబ్బు జమాఖర్చుల కాగితం గుడి గోడకు అంటించాం. వచ్చే ఏడాది ఈ పనులు ఎత్తుకునే కుర్రాళ్లకు పనికొస్తాయని కొలతలు, ఎక్కడ తేడా వచ్చిందీ కూడా రాస్తున్నాం.

మొదటి దండం మంచినీళ్ల చెరువు దగ్గర దిగిన వాళ్లకు. పందిరి, పానకం అందరికీ కనిపిస్తాయి, ఈ పని కనిపించదు. గోదావరి డెల్టాలో దాళ్వా (రబీ వరి) అయ్యాక మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు. మళ్లీ సార్వాకి (ఖరీఫ్ వరికి) వదిలేదాకా చెరువులో ఉన్న నీళ్లే ఊరికి తాగునీళ్లు. ఈలోపు నింపుకోకపోతే మే నెలలో ట్యాంకర్ వెనక బిందెలతో పరుగెత్తాలి. నింపాలంటే ముందు గుర్రపుడెక్క తీయాలి. పైపైన లాగి గట్టు మీద పడేస్తే తొలకరికి మళ్లీ నీళ్లలోకి జారుతుంది, ఒక్క దుబ్బు మిగిలినా నెల తిరిగేసరికి పిల్లలు పెడుతుంది. నీళ్లలో కుళ్లితే వాసన, చేపలకు గాలి ఆడదు. అందుకే తీసినదాన్ని తీసినట్టు ట్రాక్టర్ తొట్టిలో వేసి, ఊరి బయట మెరక మీద ఎండబెట్టాం. నాలుగు రోజుల పాటు ట్రాక్టర్లు ఇచ్చిన ఇద్దరు రైతులకు, మొలలోతు నీళ్లలో దిగి వేళ్లతో సహా లాగిన కూలీలకు ఊరంతా రుణపడింది.

అంతకంటే పెద్ద సాయం కాలువ చివరి రైతులది. మార్చి రెండో పక్షం అంటే దాళ్వా చేలు పాలు పోసుకుని గింజ గట్టిపడే వేళ. ఆ తడి తప్పితే తాలు పెరుగుతుంది. అలాంటి సమయంలో తమ వంతు నీటిని రెండు రాత్రులు చెరువు తూముకు వదిలారు. మాటలతో తీరేది కాదది. కాలువలో నీరు పెరిగిన మొదటి రోజు చెత్తా, బురదా కొట్టుకొస్తాయి. అందుకే ఒక రోజు ఆగి, నీరు కాస్త తేరుకున్నాక, తూము నోటికి రొయ్యల చెరువు వల రెండు మడతలు కట్టి నింపాం. వలకు గంటకోసారి చెత్త పడుతుంది, తీయకపోతే నీటి ఒరవడికి వల చిరుగుతుంది. రాత్రిళ్లు వంతులవారీగా కాపలా ఉండి తీసిన కుర్రాళ్లు ఎనిమిది మంది. ఒక రాత్రి వల చిరిగి కొంత చెత్త లోపలికి పోయింది, పొద్దున్నే పడవ వేసుకుని వాళ్లే ఏరారు.

చెరువు నీళ్లను వడకట్టే ఫిల్టర్ బెడ్ల ఇసుక గురించి కూడా చెప్పాలి. కుళాయి సన్నగా వస్తోందని పంచాయతీకి ఫిర్యాదులు వచ్చినప్పుడు, తప్పు మోటారుది కాదు, ఇసుక పైపొర మూసుకుపోయిందని వాటర్ మన్ గారే గుర్తించారు. పైన రెండు సెంటీమీటర్ల పొర మాత్రమే గీకి తీయించారు. లోతుగా తవ్వితే మొత్తం బెడ్ పాడవుతుంది. గీకిన తర్వాత రెండు రోజులు ఆ బెడ్ నీటిని ట్యాంకుకు ఎక్కించకుండా బయటికి వదిలేశారు. నీటిని శుభ్రం చేసేది ఉత్త ఇసుక కాదు, దాని మీద పెరిగే సన్నటి జిగురు పొర. అది మళ్లీ కట్టుకోవడానికి ఆ వ్యవధి కావాలి. ‘మంచినీళ్లు కాలువ పాలు చేస్తున్నారు’ అని అప్పుడు అరిచినవాళ్లు ఆయనకు ఇప్పుడైనా ఒక నమస్కారం పెట్టాలి. బ్లీచింగ్ కూడా ఆయన కొలిచే వేస్తారు. మంచి సరుకైతే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు, బకెట్లో కలిపి తేరిన నీటిని మాత్రమే ట్యాంకులో పోసి, గంట ఆగి కుళాయిలు వదలడం. మూత తీసి ఉంచిన బస్తాలో ఘాటు పోతుంది. ఆ పొడి ఎంత వేసినా ఉపయోగం లేదు.

ఉగాది పచ్చడి 300 మందికి సరిపోయేలా చేసిన వీధి ఆడపడుచులకు ధన్యవాదాలు. కొత్త చింతపండు కిలో, కొత్త బెల్లం మూడు కిలోలు, పుల్ల మామిడికాయలు 15, వేపపువ్వు పావుకిలో లోపే. పువ్వును రెండు చేతులతో నలిపి చాటలో చెరిగితే ఈనెలు వేరై రెక్కలు మిగులుతాయి. ఈనె పడితే చేదు గొంతులో నిలబడిపోతుంది. పువ్వు కలిపాక పొద్దెక్కేకొద్దీ చేదు దిగుతూ ఉంటుంది కాబట్టి పంచే ముందే కలిపారు. ఒకరింటి నుంచి వచ్చిన పెద్ద ఇత్తడి గంగాళానికి కళాయి పోయి ఉందని చూసి పక్కన పెట్టించిన పెద్దావిడకు ప్రత్యేకంగా దండం. కళాయి లేని ఇత్తడిలో చింతపులుసు పోస్తే చిలుమెక్కి కడుపులో వికారం ఖాయం. పంచాంగ శ్రవణం చేసిన పంతులు గారు ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు ఎవరికీ నొప్పి కలగకుండా చదివారు.

ఉగాది మర్నాడే రంజాన్. ఉగాది సాయంత్రం మసీదు వీధిలో ఇఫ్తార్‌కి మన చలివేంద్రం కడవలు వెళ్లాయి. నవమికి వాళ్ల కుర్రాళ్లు వచ్చి వడ్డనలో నిలబడ్డారు. దీని గురించి పెద్దగా రాస్తే వాళ్లే నవ్వుతారు, ఏళ్లుగా ఇలాగే నడుస్తోంది.

పందిరి 60 అడుగులకు 40. పదేసి అడుగులకొక సరుగుడు బాదు చొప్పున ఏడు వరసలు ఐదు, మొత్తం 35. పన్నెండు అడుగుల బాదులో రెండడుగులు భూమిలోకి. పైన వెదురు బొంగులు, వాటి మీద కొబ్బరి మట్టలు 160. మట్టలు ఇచ్చిన 80 చెట్ల రైతులకు కృతజ్ఞతలు. చెట్టుకు అడుగు వరసలో రెండే కోశాం, పై మట్టలు ముట్టుకోలేదు. ప్రతి మట్ట మొదట్లో ఒక గెల ఉంటుంది, పచ్చి మట్ట కోస్తే ఆ మేరకు దిగుబడి పోతుంది. ఈ సంగతి తెలిసీ అడగ్గానే ఇచ్చారు. పచ్చి ఆకు రెండు రోజుల్లో వాడి ముడుచుకుంటుంది, సందుల్లోంచి ఎండ పడుతుంది. అందుకని మట్టను ఈనె వెంట చీల్చి అల్లి, ఒకదాని మీద ఒకటి సగానికి పైగా కప్పేలా వేశారు మన పందిరి మేస్త్రీలు. తూర్పు మూల మాత్రం నైలాన్ తాడుతో కట్టారు, కొబ్బరి తాడు చాలక. శనివారం సాయంత్రం గాలికి ఆ మూలే జారి వంగింది, వెదురు నున్నగా ఉంటుంది కాబట్టి నైలాన్ ముడి దాని మీద నిలవదు. రాత్రి తొమ్మిదింటికి టార్చి వెలుగులో మళ్లీ విప్పి కొబ్బరి తాడుతో బిగించిన వాళ్లకు అన్నం కూడా ఆలస్యమైంది. పై ఏడాది తాడు ఇంకో పది చుట్టలు ఎక్కువ తేవాలి.

విద్యుత్ శాఖ లైన్‌మన్ గారు రాట వేయకముందే వచ్చి, సర్వీసు వైరు కిందికి వస్తున్న పడమటి అంచును ఆరడుగులు లోపలికి జరిపించారు. సీరియల్ సెట్లు ఎండుతున్న ఆకులోకి దోపడం అందరూ చేసే తప్పు. అతుకు దగ్గర వేడెక్కితే నిప్పు అంటుకోవడానికి క్షణం చాలు. అన్నీ బొంగుల కింది వైపున టేపు చుట్టి కట్టించారు, బోర్డులో 30 మిల్లీ ఆంప్స్ లీకేజీ బ్రేకర్ పెట్టించారు. వంట పొయ్యిలు పందిరికి 40 అడుగుల దూరంలో, గాలి వాలున పెట్టాం. నాలుగు డ్రమ్ముల నీళ్లు, ఆరు బకెట్ల ఇసుక ఎవరికీ అవసరం పడకుండా అలాగే మిగిలాయి, సంతోషం.

తలంబ్రాలు పది కిలోలు. కోరుకొండ నుంచి భద్రాచలానికి వెళ్లే తలంబ్రాలను గోటితో ఒలుస్తారన్నది మనందరికీ తెలుసు. మన ఆడవాళ్లు ఈసారి ఒక కిలో అలా ఒలిచారు, మిగతావి మిల్లు బియ్యమే, నూకలూ రాళ్లూ ఏరినవి. పది కిలోలకు పసుపు 150 గ్రాములు, నెయ్యి 100 గ్రాములు, నీటి చుక్క తగలనివ్వలేదు. నీళ్లతో కలిపితే పొట్లంలో మూడో రోజుకే ముక్కిన వాసన. అభిజిల్లగ్నంలో జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ సమయానికి జరిగాయి. టీవీలో భద్రాచలం కల్యాణం చూసి వస్తామన్నవాళ్లు కొంచెం ఆలస్యంగా వచ్చినా తలంబ్రాలు అందాయి.

పానకం సంగతి విడిగా చెప్పాలి, దాని మీద అభిప్రాయాలు ఎక్కువ కాబట్టి. 600 మందికి, మనిషికి గ్లాసు 150 మిల్లీలీటర్ల లెక్కన 90 లీటర్లు. 18 కిలోల బెల్లం, 200 గ్రాముల మిరియాలు, వంద గ్రాముల శొంఠి, వంద గ్రాముల యాలకులు. బెల్లంలో ఇసుక లేకుండా ఉండదు. ముందు పది లీటర్ల నీటిలో కరిగించి, తేరనిచ్చి, పల్చటి పంచె గుడ్డలో వడకట్టాక మిగతా నీరు కలపాలి. మిరియాలు కచ్చాపచ్చాగా దంచాలి, మెత్తగా కొడితే అడుగున పేరుకుని చివరి గ్లాసులు తాగినవాళ్లు దగ్గుతారు. ఒకేసారి కలపకుండా 45 లీటర్లు పదకొండింటికి, 45 లీటర్లు ఒంటిగంటకు కలిపారు. మధ్యాహ్నపు వేడికి మూడు నాలుగు గంటల్లో పులుపు తిరుగుతుంది. ఐస్ ఫ్యాక్టరీ దిమ్మ తెద్దామన్న మాట వచ్చింది. చేపలకు వాడే ఐసు తాగే నీటితో చేస్తారన్న భరోసా లేదని వంట మేస్త్రీ గారు ఒప్పుకోలేదు, కొత్త కడవల్లో పోసి తడి గోనె చుట్టించారు. ఆ చల్లదనం చాలు. వడపప్పుకి పెసరపప్పు 12 కిలోలు, గంటన్నరే నానబెట్టారు. ఉప్పు, మామిడి కోరు ముందే కలిపితే నీరు ఊరి జిగురొస్తుంది. పంచేటప్పుడు గంపకు గంప కలిపి ఇచ్చారు.

భోజనాలు 800 మందికి. క్వింటా బియ్యం, 25 కిలోల కందిపప్పు పట్టాయి. కొలత సరిపోయింది, మిగిలింది రెండు గిన్నెలే. అరటాకులు ఇచ్చిన తోటల వాళ్లకు ధన్యవాదాలు. తిన్న ఆకులు గోతిలో పేడతో కలిపి వేశాం, ఎరువుకు. కువైట్, దుబాయ్, మస్కట్‌లలో ఉన్న మన వాళ్లు పంపిన డబ్బుతో లైటింగ్ సెట్టు వేయిద్దామని మొదట అనుకున్నాం. చివరికి 300 స్టీలు గ్లాసులు, రెండు పెద్ద నీళ్ల డ్రమ్ములు కొన్నాం. ఊరికి మిగిలేవి అవే. ప్లాస్టిక్ గ్లాసులు లేకపోవడం వల్ల మర్నాడు వీధి ఊడ్చే పని సగానికి తగ్గిందని పారిశుధ్య కార్మికులు చెప్పారు. వాళ్లు సోమవారం తెల్లవారుజామునే వచ్చి తొమ్మిదికల్లా గుడి వీధి శుభ్రం చేసేశారు. వాళ్లకు బట్టలు పెట్టాం.

ఆశా కార్యకర్తలు ఇద్దరూ, ఏఎన్‌ఎం గారూ పందిరి పక్కన కూర్చున్నారు. ఎండకు కళ్లు తిరిగిన ముగ్గురిని నీడకు చేర్చి తడిగుడ్డ వేసి ఓఆర్‌ఎస్ ఇచ్చారు. పెద్ద ప్యాకెట్ లీటరు నీటికి. గ్లాసులో మొత్తం పోసి తాగించేవాళ్లను ఏఎన్‌ఎం గారు అక్కడికక్కడే ఆపారు. అంత చిక్కగా తాగితే మేలు కంటే చెరుపే, పిల్లలకైతే మరీను. పేగులు ఒంట్లో నీటినే లాగుతాయి.

రాత్రి పదికి మైకు ఆపేశాం, పర్మిషన్ కాగితం ప్రకారం. హరికథ మరో అరగంట ఉంటే బాగుండేదన్న పెద్దలు క్షమించాలి, వచ్చే ఏడాది ఏడింటికే మొదలుపెట్టిస్తాం. చలివేంద్రం కాలువలు వదిలేదాకా ఉంటుంది. కడవలు ఇచ్చిన కుమ్మరి వీధి వాళ్లు, ఉదయం ఆరింటికల్లా కడిగి నింపుతున్న స్వయంసహాయక సంఘం ఆడవాళ్లు వంతుల కాగితం అక్కడే కట్టారు. ముంచే గరిటె కాడ పొడుగ్గా ఉన్నది ఎందుకంటే చేయి నీళ్లలో పడకూడదని. గ్లాసుతో నేరుగా ముంచవద్దు.

దాళ్వా కోతలు మొదలవుతున్నాయి, పందిరి బాదులు, బొంగులు బుధవారంలోగా ఎవరివి వాళ్లకు చేర్చేస్తాం. గుడి అరుగు మీద ఇంకా రెండు ఇత్తడి బిందెలు, ఒక పెద్ద జల్లెడ, పిల్లల చెప్పుల జత ఒకటి ఉన్నాయి. ఎవరివో వచ్చి తీసుకెళ్లండి. జల్లెడ మీద ఎర్ర రంగు చుక్క ఉంది.