ఫోన్‌లో ఆపితే కరెంటు పోయినట్టు కాదు

సంపాదకులకు నమస్కారం.

మా విడవలూరు వైపు రొయ్యల గుంటల మీదా, మెట్టన ఉదయగిరి వైపు బోర్ల దగ్గరా ఇప్పుడు సెల్‌ఫోన్ స్టార్టర్లు బాగా పెరిగాయి. ఒక్క కాల్ కొడితే మోటారు తిరుగుతుంది, ఇంకో కాల్‌కి ఆగుతుంది. అర్ధరాత్రి టార్చి పట్టుకుని గట్ల మీద నడిచే బాధ తప్పింది, కాదనను. నా భయమంతా ఆ పెట్టెల లోపల ఎవరికి తోచినట్టు వాళ్లు చేస్తున్న మార్పుల గురించే.

కొత్తది కొనడం ఎందుకని పాత స్టార్టర్ మూత తీసి, సిమ్ వేసే మాడ్యూలూ, దాని మాటకు స్విచ్చులా కరెంటు కలిపి తెంపే ఓ చిన్న రిలే బోర్డూ లోపల బిగిస్తున్నారు. ఆ బోర్డు నడిచేది 5 వోల్టుల మీదో 12 వోల్టుల మీదో. దానికి నాలుగు వేళ్ల దూరంలో 415 వోల్టుల బోల్టులు, మధ్యలో చిన్న అట్ట ముక్క అడ్డం కూడా ఉండదు. రిలే మీద సన్న అక్షరాల్లో 10 ఆంపియర్లు, 250 వోల్టులు అని ఉంటుంది. మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్‌ను లాగిపట్టే కాయిల్ మన స్టార్టర్లలో చాలావాటికి రెండు ఫేజుల మధ్య, అంటే ఆ 250ని మించిన 415 మీద పనిచేస్తుంది. రిలే పాయింట్లు అతుక్కుపోతే ఫోన్ ఎన్నిసార్లు కొట్టినా మోటారు ఆగదు. యాంటెనా కోసం డ్రిల్ చేసిన బెజ్జంలోంచి బల్లులు దూరతాయి. ఉప్పు గాలికి రాగి బిళ్లలు పచ్చబడతాయి. మూత పడక బైండింగ్ వైరుతో కట్టిన పెట్టెలు మా గట్ల మీదే ఉన్నాయి.

అసలు ప్రమాదం రిపేరు చేసేటప్పుడు. ఫోన్‌లో ‘మోటార్ ఆఫ్’ అని వినబడగానే చెయ్యి పెట్టేస్తారు. రిలే తెంపేది కాయిల్‌కి వెళ్లే ఒక్క వైరునే. రెండో ఫేజు కాయిల్ గుండా వచ్చి అక్కడ ఉండనే ఉంటుంది. కాంటాక్టర్ పైబోల్టుల్లో మూడు ఫేజులూ ఉంటాయి. పెట్టె ఆటోలో ఉంటే పోయిన కరెంటు రాగానే తనంతట తానే మోటారు వేస్తుంది. ఇంట్లో ఉన్న కొడుకు, నాన్న బెల్టు మారుస్తున్న సంగతి తెలియక కాల్ కొట్టినా అంతే.

మరి మెయిన్ ఎందుకు ఆపరు? నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు గుంట మీద ఎన్ని ఉన్నా అన్నిటికీ ఒకటే మెయిన్. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, ఆ వేళ అన్నీ ఆపితే రొయ్య తేలిపోతుంది. అందుకే ఒక్క ఏరియేటర్ కోసం మెకానిక్ కరెంటు మీదే చెయ్యి పెడతాడు. ఆ టెన్షన్‌లో పిలిస్తే వచ్చేది అతనే, కాబట్టి తప్పంతా అతని నెత్తిన రుద్దలేం.

నెల్లూరుకు ఏపీఎస్పీడీసీఎల్, ప్రకాశానికి ఏపీసీపీడీసీఎల్ కరెంటు కంపెనీల అధికారులు ఈ సంగతి పట్టించుకోవాలి. ప్రతి స్టార్టర్‌కూ ముందు తాళం వేసుకునే విడి మూడు ఫేజుల స్విచ్చు ఉందో లేదో పంట వేసే ముందు లైన్‌మన్ చూసిపోవాలి. ఒక్క మేత బస్తా డబ్బుల్లో వచ్చే స్విచ్చు అది. పెట్టెకు ఎర్త్ ఉందా, ట్రిప్ అవుతోందని, మోటారు మీద భారం ఎక్కువైతే ఆపేసే ఓవర్‌లోడ్ రిలేను పక్కనపెట్టి డైరెక్టుగా కలిపారా అన్నదీ అప్పుడే తేలుతుంది. వైరింగ్ పని లైసెన్సు ఉన్నవాళ్ల చేతే జరగాలని నిబంధనలున్నాయి, ఊళ్లో అలాంటివాళ్లు ఎక్కడ దొరుకుతారు? ఐటీఐల్లో మా ఊరి మెకానిక్‌లకు వారం రోజుల శిక్షణ పెట్టి సర్టిఫికెట్ ఇప్పించండి. పంట సీజన్ మొదలవకముందే పెడితే అందరూ వస్తారు.

— ఒక ఆక్వా రైతు, విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా